లెక్కలోకి రాని ఎనిమిది జీబీ

మా ఇంట్లో ఒట్టు పెట్టరు. మా నాన్న మా ఊరి చర్చిలో సంఘపెద్ద. చిన్నప్పుడు ఒకసారి "అమ్మతోడు" అన్నానని ఆ పూటంతా ఆయన నాతో మాట్లాడలేదు. అందుకని ఇప్పుడు కూడా ఒట్టు పెట్టను. ఊరికే చెప్తాను. ఇది జరిగింది. నాకే జరిగింది. నేను నిద్రలో లేను, జ్వరంలో లేను. నా పక్కన ఇంకో మనిషి ఉన్నాడు. ఆయనా చూశాడు... ఆయన ఇప్పుడు దాని గురించి మాట్లాడడు, అది వేరే సంగతి.

నా పేరు రూతు. మాది కర్దనూర్. పటాన్‌చెరులో మాకు చిన్న కంప్యూటర్ రిపేరు షాపు ఉంది. మా ఆయన షాపు చూసుకుంటాడు. నేను స్కూటీ వేసుకుని కంపెనీలు తిరుగుతాను. గడ్డపోతారం వైపు చిన్నాపెద్దా మందుల కంపెనీలు చాలా ఉన్నాయి కదా, వాటిలో కొన్నింటికి మేమే సర్వీసు. పెళ్ళికి ముందు నుంచీ ఇదే పని. ఎన్ని క్యాబినెట్లు విప్పానో నాకే తెలియదు. కంప్యూటర్ వింతగా ప్రవర్తించిందంటే కారణం ఎక్కడో ఒకచోట ఉంటుంది. దుమ్ము. ఎలుక. వదులైన వైరు. వెతికితే దొరుకుతుంది. నాకు ఎప్పుడూ దొరికింది.

ఈ ఒక్కసారి తప్ప.

వానాకాలం. ఆదివారం. చర్చి నుంచి వచ్చి అన్నం తింటున్నాను. గడ్డపోతారంలో ఒక మందుల కంపెనీ నుంచి మెయింటెనెన్స్ ఇంజనీరు ఫోన్ చేశాడు. గేటు దగ్గర కంప్యూటర్‌లో కొన్ని కెమెరాలు రావడం లేదట. సోమవారం పొద్దున్నే ఎవరో పెద్దవాళ్ళు చూడటానికి వస్తున్నారట. "ఎట్లన్నజేసి ఇయ్యాల సెట్ చెయ్యండి మేడం" అన్నాడు. సరే అన్నాను. చేయి కడుక్కుని బయల్దేరాను.

అప్పటికే ఆకాశం మూసుకుపోయి ఉంది.

కంపెనీ ఆ రోజు బంద్. యంత్రాలు కడగడానికి కొద్దిమంది కాంట్రాక్టు మనుషులు మాత్రం వచ్చారు. వాళ్ళు కూడా పని ముగించుకుని వెళ్ళిపోతున్నారు. ఎప్పుడూ హోరెత్తే చోటు నిశ్శబ్దంగా ఉంటే ఎట్లా ఉంటుందో తెలుసా... చెవుల్లో దూది పెట్టుకున్నట్టు ఉంటుంది. మందుల వాసన మాత్రం ఎప్పటిలాగే. గొంతులో పట్టుకునే వాసన.

గేటు పక్కన సెక్యూరిటీ గది. అందులో అంజయ్య కాకా ఒక్కడే ఉన్నాడు. పక్క ఊరి మనిషే. ఒకప్పుడు పొలం చేసుకునేవాడు, ఇప్పుడు ఇక్కడ కాపలా. నేను ఎప్పుడు వెళ్ళినా ముందు టీ పోస్తాడు, తర్వాతే గేటు సంగతి.

"వచ్చినవా బిడ్డా. సూడు గిది. పొద్దటిసంది గింతే. కింది డబ్బాలన్ని నల్లగనే ఉంటున్నయ్."

తెర మీద కెమెరాల బొమ్మలు చిన్న చిన్న డబ్బాల్లో వస్తాయి. పై వరసలు కనిపిస్తున్నాయి. కింది వరసలు నలుపు. చూడగానే అర్థమైంది, ర్యామ్ సరిపోవడం లేదు. అంటే కంప్యూటర్ మెమరీ. పని చేసుకోవడానికి దానికి ఉండే బల్ల అనుకోండి. బల్ల చిన్నదైతే అన్నీ పరుచుకోలేదు. లోపల ఎనిమిది జీబీది ఒకటే ఉంది. నా సంచిలో ఇంకో ఎనిమిది జీబీ ఉంది. వేలెడంత పొడుగు, ఆకుపచ్చ పట్టీ. పక్క స్లాటులో పెట్టాను. టక్ అని కూర్చుంది. ఐదు నిమిషాల పని. టీ తాగి వెళ్ళిపోవచ్చు అనుకున్నాను.

ఆన్ చేశాను. బీప్ అంది. ఒకటే బీప్. అంటే అంతా బాగుందని.

కింది డబ్బాలు నల్లగానే ఉన్నాయి.

సెట్టింగ్స్ తెరిచి చూశాను. మెమరీ పదహారు జీబీ అని రాసి ఉంది. పక్కనే బ్రాకెట్లో... వాడుకోదగ్గది ఏడు పాయింట్ తొమ్మిది. అంటే పదహారు ఉందని దానికి తెలుసు. కానీ సగమే ముట్టుకుంటోంది.

ఇది మాకు కొత్త కాదు. చాలా కంప్యూటర్లలో వస్తుంది. పట్టీ కాళ్ళకు మురికి పట్టినా వస్తుంది. మదర్‌బోర్డు సెట్టింగు తప్పయినా వస్తుంది. విండోస్‌లో ఎవరో తెలియక ఒక టిక్కు పెట్టినా వస్తుంది. ఒక్కొక్కటే చూశాను. పట్టీలు తీసి రబ్బరుతో రుద్దాను. ఇది అందులో, అది ఇందులో మార్చాను. టిక్కు తీశాను. ఒక్కోసారి ఆఫ్ చేయడం, ఆన్ చేయడం. బీప్. మళ్ళీ అదే. పదహారు, బ్రాకెట్లో సగం.

ఈలోగా వాన మొదలైంది. చినుకుల్లేవు, ఏమీ లేవు... ఒక్కసారిగా కుమ్మరించింది. సెక్యూరిటీ గదికి పైన రేకులు. ఆ చప్పుడుకు పక్కన మనిషి మాట్లాడినా వినపడదు. కాసేపటికి కరెంటు పోయింది. దూరంగా జనరేటర్ దగ్గి దగ్గి అందుకుంది. లైటు మళ్ళీ వచ్చింది, కానీ పసుపుగా, ఊపిరి తీసుకుంటున్నట్టు తగ్గుతూ పెరుగుతూ.

బయట చీకటి పడింది. ఎప్పుడు పడిందో చూడనే లేదు.

అంజయ్య కాకా కుర్చీ దగ్గరికి జరుపుకుని కూర్చున్నాడు.

"ఏమాయె బిడ్డా?"

"పదహారు ఉన్నది కాకా. సగమే తీస్కుంటున్నది."

"మరి మిగతా సగం?"

"హార్డ్‌వేర్‌కు రిజర్వ్ అని సూపిస్తున్నది."

ఆయన తెర వైపు కళ్ళు చికిలించి చూశాడు. "రిజర్వ్ అంటె... బస్సుల సీటు లెక్కనా?"

"హా, గట్లనే అనుకో."

"ఎవరి కోసం పెట్టిండ్రు సీటు?"

నాకు నవ్వొచ్చింది. "ఎవరి కోసం గాదు కాకా. ఖాళీగనే ఉంటది."

"ఖాళీగుంటె మనకెందుకియ్యది?"

మా ఆయనకు ఫోన్ చేశాను. వానకు సగం మాటలు వినపడలేదు. "కొత్తది పీకేయ్. ఒక్కదాంతోనే నడిపియ్. పొద్దున ఇద్దరం పోయి బోర్డు మారుద్దాం. జల్దీ వచ్చేయ్, మన గల్లీల నీళ్ళు నిండుతున్నయ్" అన్నాడు.

అదీ మంచిదే అనుకున్నాను. కంప్యూటర్ ఆపాను. ప్లగ్గు కూడా పీకేశాను. లోపల మిగిలిన కరెంటు పోవాలని పవర్ బటన్ కాసేపు నొక్కి పట్టుకున్నాను. అంజయ్య కాకా టార్చి పట్టుకున్నాడు. కొత్త పట్టీని తీశాను. ఎడమ చేతిలో పట్టుకున్నాను. ప్లగ్గు మళ్ళీ పెట్టి బటన్ నొక్కాను.

ఇక్కడి నుంచి... మెల్లగా చెప్తాను. నన్ను తొందరపెట్టకండి.

బీప్ రాలేదు.

తెర వెలిగింది. నల్లతెర మీద తెల్ల అక్షరాలు వచ్చాయి. మెమరీ... పదహారు.

నా చెయ్యి చూసుకున్నాను. పట్టీ నా చేతిలో ఉంది. వంగి క్యాబినెట్‌లోకి చూశాను. ఒక స్లాటులో పాతది. పక్క స్లాటు ఖాళీ. వేలు పెట్టి తడిమాను. ఖాళీయే.

"కాకా, టార్చి జెర ఇటు పట్టు."

"ఏంది బిడ్డా?"

"ఏం లేదు. పట్టు."

పాత లెక్కే గుర్తుపెట్టుకుని చూపిస్తోందేమో అనుకున్నాను. అట్లా అప్పుడప్పుడూ అవుతుంది. విండోస్ తెరుచుకుంది. సెట్టింగ్స్ చూశాను. పదహారు జీబీ. బ్రాకెట్ లేదు. వాడుకోదగ్గది, వాడుకోలేనిది అనే మాటే లేదు. మొత్తం పదహారు. అంతా నాదే అన్నట్టు.

అప్పుడు రెండు సంగతులు ఒకేసారి తెలిశాయి నాకు. ఒకటి... క్యాబినెట్‌లో ఫ్యాన్ తిరగడం లేదు. రెక్కలు కదలకుండా ఆగి ఉన్నాయి. ఫ్యాన్ ఆగితే కంప్యూటర్ కాసేపట్లో వేడెక్కి ఆగిపోవాలి. ఇది నడుస్తోంది. చప్పుడే లేకుండా.

రెండోది... నా చేతిలో పట్టీ వెచ్చగా ఉంది.

నా చేతి వెచ్చదనమే అనుకున్నాను మొదట. కాదు. పెరుగుతోంది. పని చేస్తున్న మెమరీ ఎట్లా వేడెక్కుతుందో అట్లా. దేనికీ తగిలించి లేదు అది. నా గుప్పిట్లో ఉంది. అయినా వేడెక్కుతోంది. వదిలేద్దామనుకున్నాను. వేళ్ళు తెరుచుకోలేదు.

కెమెరాల సాఫ్ట్‌వేర్ దానంతట అదే తెరుచుకుంది. అది మామూలే, అట్లా పెట్టిందే. పై వరసలు వచ్చాయి. తర్వాత కింది వరసలు... ఒక్కొక్క డబ్బా వెలుగుతూ వచ్చింది. గోదాము. వెనక గోడ. డ్రమ్ములు పెట్టే చోటు. అన్నీ రాత్రి పూట వచ్చే బూడిద రంగులో. అన్నిట్లో వాన, తెల్ల గీతల్లాగా.

చివరి డబ్బా కూడా వెలిగింది.

అందులో వాన లేదు. అది లోపలి చోటు. రేకుల షెడ్డు. పైపులు పేర్చే ఇనుప ర్యాకు పడిపోయి ఉంది. పైపులు చెల్లాచెదురుగా ఉన్నాయి. వాటి కింద... కాళ్ళు.

"మనిషి గాదా అది?" అన్నాడు అంజయ్య కాకా.

మనిషే. ర్యాకు కింద నడుము దాకా ఉన్నాడు. తల ఇటు వైపు. ఆ తలను ఒళ్ళో పెట్టుకుని ఒకామె కూర్చుని ఉంది. మాకు వీపు కనిపిస్తోంది. ముందుకు వంగి అతని నుదుటికి ఏదో గుడ్డ అదిమి పట్టుకుంది. జడ ముందుకు వేసుకుంది. ఒక కాలికి చెప్పు ఉంది. ఇంకో కాలికి లేదు. ఎడమ చెయ్యి పిడికిలి బిగించి నేల మీద ఆనించింది.

"గది పాత షెడ్డు" అన్నాడు కాకా. "బాయిలర్ ఉండె సూడు ఎన్కట... అగో, గది."

"అక్కడ ఆడోళ్ళు ఎవరున్నరు కాకా?"

"ఆడోళ్ళా? ఇయ్యాల ఒక్కలు గూడ రాలే బిడ్డా. నువ్వే వచ్చినవ్."

మేమిద్దరం తెరకు ఇంకా దగ్గరగా వంగాం. అప్పుడు ఆమె తల ఎత్తింది. మెల్లగా. ఎవరో పిలిస్తే ఎత్తినట్టు. భుజం మీదుగా వెనక్కి తిరిగి... సరిగ్గా కెమెరా వైపు చూసింది. ముఖం స్పష్టంగా లేదు. కళ్ళ చోట రెండు తెల్లచుక్కలు. రాత్రి కెమెరాలో పిల్లి కళ్ళు మెరుస్తాయి చూడండి, అట్లా. పెదాలు కదిలాయి. ఏదో అంది.

కాకా కుర్చీ వెనక్కి పడింది.

"అండ్ల కెమెరా లేదు" అన్నాడు. "రూతూ... ఆ షెడ్డుల కెమెరా లేదు బిడ్డా. రంగులేసేటప్పుడు పీకిండ్రు. మళ్ళ పెట్టలే. నేనే ఉన్న ఆడ, పీకేటప్పుడు."

ఆయన నన్ను పేరు పెట్టి పిలవడం అదే మొదటిసారి.

ఆ క్షణంలో పరుగెత్తి ఇంటికి పోవాలనిపించింది. నిజంగా. కానీ తెర మీద ఆ మనిషి చెయ్యి కదిలింది. వేళ్ళు నేల మీద గీరినట్టు... ఏదో పట్టుకోబోయినట్టు. అది చూశాక ఎట్లా ఆగుతాం?

"పా కాకా" అన్నాను.

గొడుగు తీయాలని ఇద్దరికీ తట్టలేదు. కాకా టార్చి పట్టుకుని ముందు పరుగెత్తుతున్నాడు. జనరేటర్ నడిపే మనుషులు ఇద్దరు అక్కడ ఉంటే కేకలు వేసి వాళ్ళను రమ్మన్నాడు. వాళ్ళకు వినపడలేదు. దగ్గరికి పోయి చొక్కాలు పట్టుకుని లాక్కొచ్చాడు. కంపెనీ వెనక వైపు అంతా మట్టి. మోకాలి దాకా బురద. వాన ముఖాన కొడుతోంది. నాకు ముందు టార్చి వెలుగు ఒక్కటే కనిపిస్తోంది, ఊగుతూ.

షెడ్డు షట్టరు సగం దిగి ఉంది. కింద నుంచి దూరి లోపలికి వెళ్ళాం.

ర్యాకు పడిపోయి ఉంది. పైపులు చెల్లాచెదురుగా. వాటి కింద మనిషి.

ఆమె లేదు.

టార్చి నాలుగు మూలలా తిప్పాడు కాకా. ఎవరూ లేరు. ఇంకో దారి కూడా లేదు ఆ షెడ్డుకు.

పడిపోయిన మనిషి సుదామ్. ఒడిశా కుర్రవాడు, యంత్రాలు కడిగే కాంట్రాక్టులో పని. నాకు ముఖ పరిచయం ఉంది. నేను వెళ్ళినప్పుడల్లా "నమస్తే దీదీ" అనేవాడు. మధ్యాహ్నం పని అయిపోయాక పైపు ముక్క తేవడానికి షెడ్డులోకి వచ్చాడట. ర్యాకు అతని మీద పడింది. వాళ్ళ మనుషులు అతను ముందే రూముకు వెళ్ళిపోయాడనుకున్నారు. వాన చప్పుడులో ఎంత అరిచినా ఎవరికి వినపడుతుంది?

ముగ్గురు మగవాళ్ళూ ర్యాకు ఎత్తడానికి పట్టారు. లేవలేదు. పొడుగు పైపు ఒకటి కింద పెట్టి మీటుతున్నారు. సుదామ్ నుదుటి నుంచి రక్తం కారుతోంది. కళ్ళు మూతలు పడుతున్నాయి. నేను కింద కూర్చుని అతని తల ఒళ్ళోకి తీసుకున్నాను. చున్నీ తీసి గాయానికి అదిమి పట్టాను. "నిద్రపోకు సుదామ్, కళ్ళు తెరువు, ఇటు చూడు..." ఏదేదో అంటున్నాను.

జడ అడ్డం వస్తుంటే ముందుకు వేసుకున్నాను.

వేసుకుని... ఆగిపోయాను.

కాలు చల్లగా తగులుతోంది. చూసుకున్నాను. కుడి కాలికి చెప్పు లేదు. బురదలో ఎక్కడో ఊడిపోయింది. ఎడమ చెయ్యి నేల మీద ఆనించి ఉన్నాను. పిడికిలి బిగించి ఉంది. తెరిచాను. ఆకుపచ్చ పట్టీ. సెక్యూరిటీ గది నుంచి దాన్ని పట్టుకునే పరుగెత్తానన్న సంగతి నాకు తెలియదు. అది ఇప్పుడు చల్లగా ఉంది. మంచుముక్కలాగా.

వాన చప్పుడు ఆగిపోయినట్టయింది. ఆగలేదు. నాకు వినపడలేదు అంతే.

నా వెనక... పైన... ఎవరో చూస్తున్నారు. ఆ చూపు వీపు మీద పడటం తెలుస్తుంది చూడండి, అట్లా. తిరగకూడదు అనుకున్నాను. తిరిగితే ఏమవుతుందో తెలుసు నాకు. ఇప్పుడే చూసి వచ్చాను కదా. తిరగకుండా ఉందామని పళ్ళు బిగబట్టాను.

తల దానంతట అదే లేచింది. భుజం మీదుగా వెనక్కి చూశాను.

షట్టరు పైన గోడకు ఇనుప కొక్కెం ఒకటి ఉంది. కెమెరా బిగించే కొక్కెం. కెమెరా లేదు. తెగిన వైరు ముక్క వేలాడుతోంది. చివర నల్ల టేపు చుట్టి ఉంది.

"ఎవరది?" అన్నాను.

నా నోట్లోంచే వచ్చింది ఆ మాట. ఎవర్ని అడిగానో... అక్కడ ఉన్నవాళ్ళనా... సెక్యూరిటీ గదిలో తెరకు దగ్గరగా వంగి చూస్తున్న ఇద్దరినా...

ర్యాకు లేచింది. సుదామ్ ఒక్కసారి గట్టిగా అరిచాడు. ఆ అరుపుతో నేను మళ్ళీ ఈ లోకంలో పడ్డాను. లాగాం. రేకు ముక్క మీద పడుకోబెట్టి గేటు దాకా మోసుకొచ్చాం. అంబులెన్సు వచ్చేదాకా కాకా అతని చెయ్యి వదల్లేదు. కాలు రెండు చోట్ల విరిగింది. రక్తం చాలా పోయింది. ఇంకొంచెం ఆలస్యమైతే ఏమయ్యేదో చెప్పలేమని తర్వాత డాక్టరు అన్నాడట.

అంబులెన్సు వెళ్ళాక నేనూ కాకా గదిలోకి వచ్చాం. ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు. కంప్యూటర్ నడుస్తోంది. ఫ్యాన్ మామూలుగా తిరుగుతోంది. పై వరసల డబ్బాలు కనిపిస్తున్నాయి. కింది వరసలు నలుపు. సెట్టింగ్స్‌లో మెమరీ ఎనిమిది జీబీ. ఉన్నది ఎంతో అంతే.

ఇంజనీరు వచ్చాడు. "అసలు మీరు ఆ షెడ్డుకెందుకు పోయిండ్రు?" అని అడిగాడు. నేను నోరు తెరిచేలోపే కాకా అన్నాడు... "రౌండు కొట్టనీకి పోయినం సార్. ఏదో సప్పుడైనట్టనిపిచ్చింది."

ఆ వానలో చప్పుడట. ఇంజనీరు నమ్మాడు. మనిషి దొరికాడు కదా, ఇంక ఎవరికి కావాలి?

ఇంటికి వెళ్ళాక మా ఆయనకు అంతా చెప్పాను. నవ్వలేదు. ఆయన నవ్వితే బాగుండేది. మర్నాడు ఇద్దరం కలిసి వెళ్ళాం. బోర్డు విప్పి చూశాడు. రికార్డింగు మొత్తం వెతికాడు. ఆ షెడ్డు పేరుతో ఏ కెమెరా సాఫ్ట్‌వేర్‌లో లేదు. రాత్రి తెర మీద వచ్చినదేదీ ఎక్కడా నిలవలేదు. కొత్త పట్టీని షాపులో అన్ని కంప్యూటర్లలోనూ పెట్టి చూశాడు. ఏ తేడా లేదు. అన్నిట్లో సరిగ్గా ఎనిమిది చూపించింది, ఎనిమిదీ వాడుకోనిచ్చింది. బోర్డు మార్చేశాం. కంపెనీ వాళ్ళ కెమెరాలన్నీ ఇప్పుడు బాగానే వస్తున్నాయి.

"పాత లెక్క గుర్తుపెట్టుకుని సూపించి ఉంటది" అన్నాడు మా ఆయన.

"సరే. మరి బొమ్మ?"

స్క్రూడ్రైవర్ సంచిలో పెట్టేశాడు. "పాత రికార్డింగ్ ఏదన్న వచ్చిందేమో."

"పాత రికార్డింగ్‌ల నేనెట్లుంట?"

ఆ తర్వాత ఆయన ఆ మాట ఎత్తలేదు. అంజయ్య కాకాను కూడా అడిగాను. టీ పోసి నా చేతికిచ్చాడు. గేటు వైపు చూస్తూ అన్నాడు... "సూసినం, పోయినం, మనిషి బతికిండు. ఇగ ఇడ్సిపెట్టు బిడ్డా. నాకు నైట్ డ్యూటీలున్నయ్." అంతే.

నేను విడిచిపెట్టేదాన్నేమో. కానీ కొన్నాళ్ళకు సుదామ్‌ను చూడటానికి ఆసుపత్రికి వెళ్ళాను. పండ్లు తీసుకెళ్ళాను. కాలికి పెద్ద కట్టు. నుదుటి మీద కుట్లు. పక్కన వాళ్ళ బావమరిది ఉన్నాడు. నన్ను చూడగానే లేచి కుర్చీ ఇచ్చాడు, చేతులు జోడించాడు. సుదామ్ మాత్రం నమస్తే చెప్పలేదు. నన్నే చూస్తున్నాడు. అలిగిన పిల్లాడిలాగా.

"ఎట్లున్నది సుదామ్?"

"బాగుంది దీదీ." ఇక్కడ పని చేసి చేసి తెలుగు బాగానే వచ్చు అతనికి. "ఒకటి అడుగుత. గుస్సా గావొద్దు."

"అడుగు."

"ఫస్ట్ టైమ్ వచ్చినవ్ గదా... వాన షురూ అయినప్పుడు. నా తల పట్టుకున్నవ్. నిద్రపోకు అన్నవ్. మంచిగనే కూసున్నవ్. మళ్ళ ఎందుకు పోయినవ్?"

బావమరిది నా వైపు చూశాడు.

"నేను మస్తు పిలిచిన దీదీ. ఛోడ్‌కే మత్ జావ్, ఇడ్సిపెట్టి పోవద్దు అన్న. నువ్వు ఆడ పైకి చూసినవ్... ఎవరితోనో మాట్లాడినవ్... పోయినవ్. మస్తు సేపు ఒక్కన్నే ఉన్న. అంధేరా అయింది, మొత్తం చీకటి. మళ్ళ అందర్నీ తీస్కొని వచ్చినవ్." అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "అందర్నీ తేనీకే పోయినవ్ కదా? అంతే కదా దీదీ?"

వాన మొదలైనప్పుడు నేను సెక్యూరిటీ గదిలో ఉన్నాను. పట్టీలు మారుస్తున్నాను. ఆఫ్ చేస్తున్నాను, ఆన్ చేస్తున్నాను. నా పక్కన అంజయ్య కాకా ఉన్నాడు. గది దాటి ఒక్క అడుగు బయట పెట్టలేదు.

దెబ్బ తగిలిన తల. రక్తం పోయిన ఒళ్ళు. ఏదో కల వచ్చి ఉంటుంది. అట్లా సర్దిచెప్పాలి. చెప్పడానికే నోరు తెరిచాను.

"నేనెక్కడికీ పోలేదు సుదామ్" అన్నాను. "ఆడనే ఉన్న."

అతను తల ఊపి కళ్ళు మూసుకున్నాడు. ముఖం తేలికపడింది. నేను బయటికి వచ్చి స్కూటీ తాళం పెట్టబోయాను. అప్పుడు తెలిసింది నేనేమన్నానో. నేను రాలేదు అని కదా అనాల్సింది. అసలు అంతకుముందు రాలేదు, అది నేను కాదు... అదీ నిజం. ఎన్నిసార్లు తిప్పి తిప్పి చూసినా అదే నిజం.

మరి ఆ మాట నోటికి ఎందుకు రాలేదు?